‘వస్తా’ అనాలా, ‘వెళ్తా’ అనాలా? పసిపిల్లల కదలిక మాటలు: ప్రశ్నలు, జవాబులు

రా, పో, ఎక్కు, దిగు, దూకు, పాకు. ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి వినపడే మాటలే. పిల్లలు వీటిని ఎలా పట్టుకుంటారు, ఎక్కడ తడబడతారు అని పాఠకులు అడిగిన ప్రశ్నలకి పిల్లల భాష మీద పనిచేసేవాళ్ళు ఇచ్చిన జవాబులు ఇవి.

ప్రశ్న: మా బాబుకి 20 నెలలు. బంతి మంచం కిందికి దొర్లినా ‘పోయింది’, లైటు ఆరినా ‘పోయింది’, నేను తలుపు చాటుకి వెళ్ళినా ‘పోయింది’. పోవడం అంటే ఏమిటో వాడికి తెలియనట్టేనా?
(ఒక తల్లి)

జవాబు: తెలుసు. కాకపోతే మీరనుకునే అర్థంలో కాదు. ఈ వయసులో ‘పోయింది’ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలిందని కాదు, ఇందాక కనపడింది ఇప్పుడు లేదు అని. ఇంగ్లీషు పిల్లలు ‘గాన్’ అనే మాటని ఎలా వాడతారో ఆలిసన్ గోప్నిక్ 1980ల్లో పరిశీలించి దాదాపు ఇదే చెప్పారు. కంటికి కనపడకుండా పోయిన ప్రతిదానికీ ఆ మాటే వాడతారు. దాచిపెట్టిన వస్తువు ఎక్కడుందో ఊహించి వెతకడం బాగా వచ్చే రోజుల్లోనే ఆ మాట కూడా నోటికి వస్తుంది.

తెలుగు పిల్లలకి ఇంకో కారణం కూడా ఉంది. పెద్దవాళ్ళ నోట ‘పోయింది’ చాలాసార్లు వినపడేది కదలిక గురించి కాదు. పడిపోయింది, ఆరిపోయింది, అయిపోయింది, విరిగిపోయింది అంటూ ఉంటాం. చిన్నపిల్లల చెవికి బాగా ఆనేది మాట చివరి ముక్క. ఆ ముక్క అన్నిట్లోనూ ఒకటే. కాబట్టి ‘ఉన్నది లేకుండా అయింది’ అన్న అర్థం ముందు పట్టుకోవడం, మీ మాటలు శ్రద్ధగా వింటున్నాడనడానికి గుర్తు. పెద్దవాళ్ళమూ ‘కరెంటు పోయింది, కరెంటు వచ్చింది’ అంటాం కదా, అక్కడ ఎవరూ నడవలేదు.

సరిదిద్దకండి. వాడి మాటనే నింపి తిరిగి ఇవ్వండి. ‘అవును, బంతి మంచం కిందికి వెళ్ళింది.’ ‘లైటు ఆరిపోయింది.’ ‘అమ్మ తలుపు వెనక దాక్కుంది.’ మూడు సందర్భాలకి మూడు వేరు మాటలు వినపడాలి. బంతిని బయటికి తీసేటప్పుడు ‘వచ్చింది!’ అనండి. ‘కాదు, పోయింది అనకూడదు’ అంటే మాత్రం వాడికి మిగిలేది ‘కాదు’ ఒక్కటే.

ప్రశ్న: ‘చూడు, కుక్క పరుగెత్తుతోంది’, ‘చూడు, పక్షి ఎగురుతోంది’ అని రోజూ చూపిస్తూనే ఉన్నాం. మా పాపకి బంతి, కుక్క, పక్షి వచ్చాయి కానీ పరుగెత్తడం, ఎగరడం రాలేదు. 21 నెలలు.
(ఒక తండ్రి)

జవాబు: చూపించే వేళ సరిగ్గా లేదు. కుక్క అక్కడే ఉంటుంది, మీరు మాట అన్నాకా ఉంటుంది. పరుగు అలా ఉండదు. మీరు ‘చూడు’ అని, పాప మీ వైపు తిరిగి, మీ వేలు చూసి, అటు చూసేలోగా కుక్క ఆగిపోతుంది. అప్పుడు కనపడేది నిలబడ్డ కుక్క, వినపడింది ‘పరుగెత్తుతోంది’.

మైకేల్ టొమాసెల్లో, ఆన్ క్రూగర్ 1992లో రెండేళ్ళ పిల్లలతో ఇదే పరీక్షించారు. పని జరుగుతుండగా మాట చెప్పినప్పటికంటే, పని జరగబోయే ముందు చెప్పినప్పుడు పిల్లలు కొత్త క్రియని బాగా నేర్చుకున్నారు. ముందే మాట వింటే ‘ఏదో జరగబోతోంది’ అని చూపు అక్కడ నిలబడుతుంది.

ఇంట్లో చేయడానికి ఇలా చూడండి. మెట్టు దగ్గర ఆగండి. ‘ఎక్కుదామా?’ అని ఒకటి రెండు సెకన్లు ఆగండి, మీరు కదలకండి. తరవాత ‘ఎక్కు’ అని, పాప కాలు వేశాకా ‘ఎక్కేశావు!’ అనండి. ఒకే పనికి మూడు రూపాలు: ముందు, అప్పుడు, అయ్యాక. ఆ మధ్యలో ఆగడం చాలామంది మరిచిపోయే భాగం. మాటా పనీ ఒకేసారి జరిగితే ఈ పద్ధతికి ఫలితం ఉండదు. ఇంకో సంగతి: పక్షి ఎగరడం, కుక్క పరుగు పాప ఒంటితో చేసేవి కావు. ఎక్కడం, దిగడం, దూకడం, కూర్చోవడంతో మొదలుపెట్టండి. ఎగరడం తరవాత చూసుకోవచ్చు.

పేర్లు ముందు, క్రియలు తరవాత రావడం చాలా భాషల్లో కనపడేదే. డెడ్రి జెంట్నర్ 1982లో దీని మీద రాసిన వ్యాసం తరవాత ఎంతో చర్చ జరిగింది. క్రియ వాక్యం చివర వచ్చే కొరియన్‌లో పిల్లలు క్రియలని ఇంకొంచెం ముందుగానే పట్టుకుంటారని సూన్‌జా చోయ్, గోప్నిక్ చూపించారు. తెలుగులోనూ క్రియ చివరే వస్తుంది, పైగా ‘రా’, ‘దిగు’ అని ఒక్క మాటే వాక్యం అవుతుంది. అంటే వినడానికి మన భాష అనుకూలంగానే ఉంది, వేళ కుదిరితే చాలు.

ప్రశ్న: రెండున్నరేళ్ళ మా మనవరాలు కుర్చీలోంచి దించమనడానికి ‘నన్ను దిగు’ అంటుంది. బొమ్మని మంచం మీద పెట్టి ‘బొమ్మని ఎక్కా’ అంటుంది. ఎత్తుకోమనడానికి ‘ఎత్తుకుంటా’ అంటుంది. నవ్వొస్తుంది కానీ దిద్దాలా వద్దా తెలియడం లేదు.
(ఒక అమ్మమ్మ)

జవాబు: మొదటి రెండూ ఒక రకం, మూడోది వేరు.

తానే కదలడానికి ఒక మాట, ఇంకొకరిని కదిలించడానికి ఇంకో మాట ఉండాలని తెలుసుకోవడం పెద్ద మెట్టు. తెలుగులో ఈ జంటలకి ఒకే అచ్చు లేదు: ఎక్కు-ఎక్కించు, దిగు-దించు, దూరు-దూర్చు, జరుగు-జరుపు, తిరుగు-తిప్పు, లేచు-లేపు, పడు-పడేయి. ‘వెళ్ళు’కి జంట ‘పంపు’, రెండింటికీ పోలికే లేదు. ఒక సూత్రం పట్టుకుని అన్నిటికీ వేయడానికి వీల్లేదు. ఇంగ్లీషు పిల్లలూ ఇలాగే ‘పడు’ అనే మాటని ‘పడేయి’ అనే అర్థంలో వాడతారని మెలిస్సా బోవర్‌మన్ 1974లో రాశారు. తరవాత 1991లో ఆవిడా, సూన్‌జా చోయ్ కలిసి ఇంగ్లీషు పిల్లలని, కొరియన్ పిల్లలని పోల్చారు. కొరియన్ పిల్లలు తాము కదలడాన్నీ, వస్తువుని కదిలించడాన్నీ మొదట్నుంచీ వేరు మాటలతోనే చెప్పారు. ఇంగ్లీషు పిల్లలు రెండింటికీ ‘అప్’, ‘ఔట్’ అనే చిన్న మాటలే వాడారు. వినే భాష ఎలా విడదీస్తే పిల్లలూ అలాగే విడదీస్తారన్నమాట.

దిద్దడానికి ఆట సరిపోతుంది. తక్కువ ఎత్తు పీట, ఒక బొమ్మ చాలు. ముందు పాప ఎక్కాలి: ‘నువ్వు ఎక్కావు.’ తరవాత పాప బొమ్మని ఎక్కించాలి: ‘బొమ్మని ఎక్కించావు.’ ఆ తరవాత మీరు పాపని ఎక్కించండి: ‘నిన్ను ఎక్కించాను.’ ఈ మూడూ వెంటవెంటనే రావాలి, అప్పుడే తేడా చెవిన పడుతుంది. ఒక రోజు ఒక జంటే తీసుకోండి. ఎక్కించు, దించు రెండూ ఒకేసారి మొదలుపెడితే పైకా కిందికా అన్నదీ, ఎవరు ఎవర్ని అన్నదీ కలిసిపోతాయి. ‘నన్ను దిగు’ అన్నప్పుడు ‘దించమంటావా? దించుతా’ అని దించేయండి. సరిగ్గా అనేదాకా కుర్చీలోనే కూర్చోబెడితే పాప నేర్చుకునేది ఏడవడం.

‘ఎత్తుకుంటా’ సంగతి వేరు. మీరు చేతులు చాచి ‘ఎత్తుకుంటా, రా’ అంటారు, అది వినగానే పాప మీ చేతుల్లో ఉంటుంది. ఆ మొత్తం దృశ్యానికి పేరు అదే అనుకుంది. నేను, నువ్వు అన్నవి మాట్లాడేవాళ్ళని బట్టి మారతాయని తెలిశాక తనంతట తనే సర్దుకుంటుంది. తొందరపెట్టాలంటే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు పాప ముందు ‘పాపని ఎత్తుకో’, ‘సరే, ఎత్తుకుంటా’ అని అనుకుంటూ ఉండండి. అడిగేవాళ్ళ మాట ఏదో అప్పుడు వినపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగేళ్ళు. ఫోన్లో తాతయ్యతో ‘నేను మీ ఇంటికి వెళ్తా’ అంటాడు. పక్కగదిలోంచి పిలిస్తే ‘వెళ్తున్నా’ అంటూ మా దగ్గరికే వస్తాడు. మిగతా మాటలు బాగానే మాట్లాడతాడు. ఇదొక్కటే ఎందుకు పట్టుబడటం లేదు?
(ఒక తల్లి)

జవాబు: వచ్చిన ప్రశ్నల్లో అసలైన చిక్కు ఉన్నది ఇందులోనే. ఎక్కడం, దూకడం చూస్తే తెలుస్తాయి. రావడానికీ వెళ్ళడానికీ మధ్య తేడా చూస్తే తెలియదు. ఒకే నడక, వంటింట్లో ఉన్నవాళ్ళకి ‘వచ్చాడు’, హాల్లో ఉన్నవాళ్ళకి ‘వెళ్ళాడు’.

మొదట పిల్లలు పట్టుకునేది తేలిక భాగం: నేనున్న చోటికైతే రావడం, నా నుంచి దూరంగా అయితే వెళ్ళడం. మీ అబ్బాయి అక్కడున్నాడు. ఆ లెక్కన వాడి మాట తప్పు కాదు, వాడు ఇక్కడున్నాడు, తాతయ్య ఇల్లు దూరం, కాబట్టి ‘వెళ్తా’. తెలుగు అక్కడితో ఆగదు. వినేవాళ్ళున్న చోటికైనా ‘వస్తా’ అంటాం. అందుకే పిలిస్తే ‘వస్తున్నా’. ఇప్పుడు నేను అక్కడ లేకపోయినా, అప్పటికి ఉంటే చాలు: ‘రేపు మా స్కూలుకి వస్తావా?’ ఎవరి చోటూ కాకపోయినా తోడుగా అయితే ‘వస్తా’నే: ‘నేను పార్కుకి వెళ్తున్నా, నువ్వూ వస్తావా?’ ఇందులో ఒకే ప్రయాణం మొదట ‘వెళ్తున్నా’, వెంటనే ‘వస్తావా’. ఇవి చాలవన్నట్టు, ఇంట్లోంచి బయటికి పోతున్న మనిషి గుమ్మం దగ్గర ‘వస్తా’ అని చెప్పి అటు తిరిగి వెళ్ళిపోతాడు! వీటన్నిటినీ పిల్లవాడు ఎవరూ విడమరిచి చెప్పకుండా విని తేల్చుకోవాలి.

రాకపోకల మాటల్లో ఇన్ని చోట్ల లెక్క ఉందని చార్లెస్ ఫిల్‌మోర్ 1971లో ఉపన్యాసాల్లో వివరించారు. ఈవ్ క్లార్క్, ఓల్గా గార్నికా 1974లో ఇంగ్లీషు పిల్లల్ని పరీక్షిస్తే ఆరేళ్ళు దాటినవాళ్ళు కూడా కొన్ని ప్రశ్నల్లో తడబడ్డారు. 1976లో ఇంకో పరిశోధనలో, పిల్లలు తామే ఆటలో భాగమై మాట్లాడే ఏర్పాటు చేస్తే నాలుగేళ్ళ నుంచే చాలా మెరుగ్గా వాడారని తేలింది. బొమ్మలు చూపించి ‘ఈ మాట ఎవరన్నారు?’ అని అడగడం కష్టం, తనే అక్కడ నిలబడి మాట్లాడటం సులువు. ఇంట్లో మీరు ఎంచుకోవాల్సింది రెండోది.

దీనికి ఇద్దరు పెద్దవాళ్ళు, మధ్యలో గోడ ఉన్న రెండు గదులు కావాలి. మీరు అబ్బాయితో ఒక గదిలో ఉండండి, వాళ్ళ నాన్న కనపడకుండా రెండో గదిలో ఉండాలి. ఆయన ‘నా దగ్గరికి రా’ అని పిలుస్తారు, మీరు ‘వెళ్ళు, నాన్న దగ్గరికి వెళ్ళు’ అంటారు. వాడు బయల్దేరాక నాన్న ‘వస్తున్నావా?’ అని అడగాలి. చేరాక ఆయన ‘వచ్చేశావు!’ అంటారు, మీరు ఇవతలి నుంచి ‘వెళ్ళాడా?’ అని అడుగుతారు. ఒకే నడకకి రెండు మాటలు, రెండు చోట్ల నుంచి. నాలుగైదు సార్లయ్యాక వాడిని ఒక గదిలో ఉంచి, మిమ్మల్ని పిలిచే పని, పంపే పని వాడికి ఇవ్వండి. అయిదు నిమిషాలు దాటనివ్వకండి.

ఈ ఆట చెడేది మూడు చోట్ల. అందరూ ఒకే గదిలో ఉంటే తేడా మాయమవుతుంది. చెయ్యి ఊపి పిలిస్తే వాడు చేతినే చూస్తాడు, మాట వినడు. మధ్యలో ఆపి ‘వస్తా అనాలా, వెళ్తా అనాలా?’ అని అడిగితే రెండింట్లో ఒకటి ఊహించి చెప్తాడు, సగం సార్లు సరిపోతుంది కూడా.

ఫోన్లో అయితే తాతయ్య చేతిలో ఉంది. ‘ఎప్పుడు వస్తావు?’ అని ఆయన అడిగితే ‘వస్తా’ దానంతటదే వస్తుంది. అది ప్రశ్నలోని మాటని తిరిగి చెప్పడమేనని మాత్రం గుర్తుంచుకోండి. నిజంగా పట్టుబడిందా లేదా తెలియాలంటే ఆయన ‘ఆదివారం ఏం చేస్తున్నావు?’ అని అడగాలి. ‘తీసుకురా’, ‘తీసుకెళ్ళు’ కూడా ఇదే లెక్కలో నడుస్తాయి, పైగా చేతిలో వస్తువు ఒకటి ఉంటుంది. వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ప్రశ్న: నిన్నమొన్నటిదాకా ‘నాన్న రాలేదు’ అని చక్కగా అనేవాడు. మూడేళ్ళు నిండాక ‘వచ్చలేదు’ అంటున్నాడు. వెనక్కి పోతున్నాడా?
(ఒక తండ్రి)

జవాబు: ముందుకే. ఇదివరకు ‘రాలేదు’ని విడదీయకుండా ఒక్క ముక్కగా నేర్చుకున్నాడు. ఇప్పుడు వచ్చాడు, వచ్చింది, వచ్చారు అన్నిట్లోనూ ‘వచ్చ’ ఉందని కనిపెట్టి దాన్ని అన్నిచోట్లా వేస్తున్నాడు. ఇంగ్లీషు పిల్లలు ‘వెళ్ళాడు’ అనడానికి ‘వెంట్’ అని సరిగ్గా అంటూ ఉండి కొన్నాళ్ళకి ‘గో’కి ‘డ్’ తగిలించి ‘గోడ్’ అనడం కూడా ఇదే. ‘అవును, ఇంకా రాలేదు’ అని మామూలుగా బదులివ్వండి. వినగా వినగా సర్దుకుంటుంది.

ప్రశ్న: మూడున్నరేళ్ళ మా పాపకి అన్నీ ‘వెళ్ళడమే’. పిల్లి గోడ దూకినా ‘పిల్లి వెళ్ళింది’, చీమ పాకినా ‘చీమ వెళ్ళింది’. మాటలు తక్కువేమో అని అనుమానం.
(ఒక తల్లి)

జవాబు: ఎటు కదిలింది, ఎలా కదిలింది అన్నవి రెండు వేరు సంగతులు. కొన్ని భాషలు ‘ఎటు’ని క్రియలో పెడతాయి, కొన్ని ‘ఎలా’ని పెడతాయి అని లెనర్డ్ టాల్మీ 1985లో విడదీసి చూపించారు. ఎక్కు, దిగు, దూరు, దాటు చూడండి, తెలుగు క్రియల్లో దారి కూర్చుని ఉంది. ‘ఎలా’ అన్నది చాలాసార్లు ఇంకో మాటగా పక్కన చేరాలి: పాకుతూ దూరింది, పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇంగ్లీషులో తీరు క్రియలోనే ఉంటుంది, దారికి వెనక ఒక చిన్న మాట వస్తుంది. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ 1994లో అయిదు భాషల్లో పిల్లల చేతా పెద్దల చేతా ఒకే బొమ్మల కథ చెప్పించి చూస్తే, దారిని క్రియలో పెట్టే భాషలవాళ్ళు కదలిక తీరుని తక్కువగా చెప్పారు. పెద్దవాళ్ళు కూడా. కాబట్టి ‘వెళ్ళింది’తో సరిపెట్టడాన్ని మాటల లేమి అనకండి.

పెంచాలంటే తీరు లెక్కలోకి వచ్చే ఆట కావాలి. నేల మీద రెండు గీతలు. ఒకదాని నుంచి రెండోదానికి ముందు నడుస్తూ వెళ్ళాలి, తరవాత పాకుతూ, గెంతుతూ, కుంటుతూ, వెనక్కి నడుస్తూ. దారి మారదు, తీరు మారుతుంది. రెండు మూడు రోజులయ్యాక తిప్పండి: పాకుతూనే బల్ల కిందికి దూరాలి, పాకుతూ బయటికి రావాలి, పాకుతూ పరుపు ఎక్కాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏ మాట దేనికో తెలియదు. ఆర్డర్లు వేసే పని పాపకి ఇచ్చినప్పుడే ఆ మాటలు నోటికి వస్తాయి, అది వదిలేయకండి.

తెలుగుకి ఇంకో సాధనం ఉంది, దాన్ని మనం తక్కువగా చూస్తాం. గబగబా, బుడిబుడి, జరజరా, గిరగిరా, దబ్బున. జపనీస్ భాషలోనూ ఇలాంటి చప్పుడు మాటలు ఎక్కువ. ముత్సుమి ఇమాయ్ బృందం 2008లో మూడేళ్ళ పిల్లలకి రకరకాల నడకలు చూపించి, ఆ నడకకి తగ్గ చప్పుడుతో కల్పించిన కొత్త మాటలు చెప్పింది. అదే నడక వేరే మనిషి నడిచినా పిల్లలు ఆ మాటని సరిగ్గా గుర్తుపట్టారు. చప్పుడు పొంతన లేని మాటలతో అలా చేయలేకపోయారు. కాబట్టి ‘జరజరా పాకింది’, ‘గిరగిరా తిరిగింది’, ‘దబ్బున పడింది’ అని ధారాళంగా వాడండి. ఇవి ముద్దుమాటలు కావు, పెద్దయ్యాకా వాడే తెలుగే.

ప్రశ్న: ఇలాంటి క్రియలు నేర్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. చూపించవచ్చా?

జవాబు: మూడేళ్ళ లోపు ఒంటరిగా చూస్తే పెద్దగా అబ్బదు. సారా రోజ్‌బెర్రీ, తోటి పరిశోధకులు 2009లో చూసినప్పుడు, మూడేళ్ళు నిండనివాళ్ళు వీడియో ఒక్కదాని నుంచి కొత్త క్రియ నేర్చుకోలేకపోయారు, పక్కన మనిషి కూడా చేసి చూపిస్తే నేర్చుకున్నారు. 2014లో తేలిన ఇంకో సంగతి: 24 నుంచి 30 నెలల పిల్లలు వీడియో కాల్‌లో అవతలి మనిషి తమకి బదులిస్తూ మాట్లాడితే ఎదురుగా ఉన్నట్టే నేర్చుకున్నారు. తెర ఉండటం అడ్డు కాదు, బదులు రాకపోవడమే అడ్డు.

ప్రశ్న: ప్లేస్కూల్లో చెప్తాను. కప్ప బొమ్మతో ఆడిస్తూ ఏం జరిగిందని అడిగితే పిల్లలు ‘నీళ్ళలోకి దూకింది’ అంటారు, ఎక్కణ్ణుంచి దూకిందో ఒక్కరూ చెప్పరు.
(ఒక టీచరు)

జవాబు: చేరే చోటు మీదే మనసు ఉంటుంది. లారా లకుస్టా, బార్బరా లాండౌ 2005లో మూడు నాలుగేళ్ళ పిల్లల్లో ఇదే చూశారు, పెద్దల్లోనూ ఆ మొగ్గు ఉంది. మీ ఆటలో మొదలైన చోటు ఒక్కటే అయితే చెప్పాల్సిన అవసరమే లేదు కూడా. వేరువేరు రంగులున్న రెండు కుర్చీలు, పక్కన ఒక డబ్బా పెట్టండి. ఒక పిల్లవాడు కళ్ళు మూసుకోవాలి, కప్ప ఏదో ఒకచోటి నుంచి దూకాలి, చూసినవాళ్ళు చెప్తే వాడు ఆ చోటుని ముట్టుకోవాలి. ‘దూకింది’ అంటే ఇక్కడ పని జరగదు. కుర్చీకి ‘మీంచి’, డబ్బాకి ‘లోంచి’ అప్పుడు బయటికి వస్తాయి. ముందు రెండు మూడు సార్లు మీరే చెప్పి చూపించండి.

ప్రశ్న: మా బాబుకి 28 నెలలు. పేర్లు ఇరవై దాకా చెప్తాడు, క్రియ ఒక్కటీ లేదు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడతాం. ఆగి చూడాలా?
(ఒక తల్లి)

జవాబు: ఆగకండి, చూపించండి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2022లో సవరించిన పట్టిక ప్రకారం 18 నెలలకి చేత్తో సైగ చేయకుండా చెప్పిన ఒక చిన్న పని చేయాలి. రెండేళ్ళకి కనీసం రెండు మాటలు కలపాలి. 30 నెలలకి దాదాపు 50 మాటలు ఉండాలి, కలిపి చెప్పే మాటల్లో ఒకటి చేసే పనికి సంబంధించినదై ఉండాలి. మూడేళ్ళకి బొమ్మ చూపించి ఏం చేస్తున్నాడని అడిగితే పరుగెత్తుతున్నాడు, ఆడుతున్నాడు అని చెప్పాలి. 75 శాతం పిల్లలు చేయగలిగేవే అందులో పెట్టారు. ఇవి దాటకపోతే జబ్బు ఉందని అర్థం కాదు, పరీక్ష చేయించాలని అర్థం.

రెండు భాషలు కారణం కావు. కానీ లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. ‘ఇవ్వు’ అని ఒక భాషలో, ‘కమ్’ అని ఇంకో భాషలో అంటే వాడికి రెండు క్రియలు ఉన్నట్టే. ‘దా’, ‘పా’ లాంటి సగం మాటలూ లెక్కే, ఎప్పుడూ ఒకే అర్థంలో అంటే.

వెళ్ళే ముందు ఇంట్లో ఒకటి చూసుకోండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడి ముఖం వైపే చూస్తూ ‘బయటికి వెళ్ళు’, ‘మంచం ఎక్కు’, ‘బంతి తీసుకురా’ అని వేర్వేరు వేళల్లో చెప్పండి. తలుపు వైపు చూడకూడదు, గడ్డం కూడా అటు తిప్పకూడదు. మాటకే చేస్తే అర్థం చేసుకోవడం బాగుంది, నోటికి రావడమే ఆలస్యం అని తెలుస్తుంది. సైగ చేస్తేనే చేస్తున్నాడంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. పేరు పిలిస్తే తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకోవద్దు, కొద్దిపాటి వినికిడి లోపం ఉన్నా పిల్లలు పేరుకి తిరుగుతారు. ముందు వినికిడి పరీక్ష, ఆ తరవాత స్పీచ్ థెరపిస్టు. ఒక వారం పాటు వాడన్న ప్రతి మాటనీ, ఏ సందర్భంలో అన్నాడో పక్కనే రాసి ఆ కాగితం తీసుకెళ్ళండి.